రొదలో దొరికిన నోబెల్!

మీకు తెలుసా? యంత్రం పాడైందనుకుని ఎవరైనా పట్టించుకోకుండా వదిలేసే రొద వెనకాల పడి, అందులోంచి ఏకంగా నోబెల్ బహుమతినే లాగిన శాస్త్రవేత్త ఒకాయన ఉన్నారు. పేరు బెర్నార్డ్ కాట్జ్. నరం కండరానికి కబురెలా చెబుతుందో తేల్చిన మహానుభావుడు. ఆయన ఎక్కువగా ప్రయోగాలు చేసింది దేని మీదంటారు? కప్ప కాలి మీద!

మీరిప్పుడే పేజీ తిప్పారు కదా. వేలు కదపమన్న కబురు నరం గుండా విద్యుత్తు రూపంలో పరుగెత్తి వచ్చింది. తీరా కండరం ముందుకొచ్చి టక్కున ఆగిపోయింది! అక్కడో సందు ఉంది. వెడల్పు మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు. విద్యుత్తు దాన్ని దాటలేదు. దాటేది ఎసిటైల్ కోలీన్ అనే రసాయనం. ఎంతసేపట్లో? సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. మీరు ఔరా అనేలోపు ఎన్ని కబుర్లు దాటి ఉంటాయో!

మీకు తెలుసా? కాట్జ్ పుట్టినింట్లో శాస్త్రవేత్తలెవరూ లేరు. 1911 మార్చి 26న జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టారు. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. తండ్రిది బొచ్చుతోళ్ల వ్యాపారం. కొడుకు తోలు మానేసి లోపలి కండరం పట్టుకున్నాడు!

బడిలో లెక్కలా, లాటిన్-గ్రీకు భాషలా అంటే కాట్జ్ భాషలే ఎంచుకున్నారు. ఎందుకో ఊహించండి. లెక్కలు లేకపోతే కాఫీ హోటల్లో చదరంగం ఆడుకోవడానికి బోలెడు సమయం మిగులుతుందని! ఇదే కుర్రాడు తర్వాత సంభావ్యత సూత్రాలతో నరాల గుట్టు విప్పాడు. పిల్లల్ని చదరంగం ఆడుకోనివ్వండి.

మీకు తెలుసా? వైద్య విద్యార్థిగా ఉండగానే 1933లో ఆయన పరిశోధనకు ఒక బహుమతి వచ్చింది. అప్పటికే హిట్లర్ గద్దెనెక్కాడు. యూదుడికి బహుమతి ఇవ్వకూడదు. ప్రొఫెసర్ గిల్డెమైస్టర్ అందరి ముందూ ఇవ్వడం లేదని ప్రకటించారు. తర్వాత డబ్బు మాత్రం గుట్టుగా తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు! ఆ గురువుకో నమస్కారం.

కాట్జ్‌ని ఇంగ్లండుకు రప్పించింది ఓ తగవు. జర్మనీ భౌతిక శాస్త్రవేత్త స్టార్క్ నాజీలను వెనకేసుకొస్తే, లండన్‌లోని ఎ.వి. హిల్ ‘నేచర్’ పత్రికలో ఆయన్ని ఉతికి ఆరేశారు. అది చదివిన కాట్జ్, పనిచేస్తే ఈయన దగ్గరే పనిచేయాలనుకున్నారు. 1935లో చేతిలో ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా లండన్‌లో దిగారు. తగవులాడుకున్న ఇద్దరూ నోబెల్ గ్రహీతలే!

మీకు తెలుసా? హిల్ ప్రయోగశాలలో హిట్లర్ బొమ్మ ఒకటి ఉండేది. చేయి లేపి సెల్యూట్ కొట్టే ఆటబొమ్మ. ఎందుకిక్కడ అంటే, ఇంతమంది గొప్ప శాస్త్రవేత్తల్ని తన దగ్గరకు తరిమి పంపినందుకు కృతజ్ఞతగానట! హిట్లర్‌కు ఇంతకంటే మంచి జవాబు ఎవరిచ్చారు?

కండరాల మీద ఈ పరిశోధనలన్నీ ఎందుకండీ, ఏమిటి ఉపయోగం అని హిల్‌ను ఒకసారి సభలో నిలదీశారు. నిజం చెప్పాలంటే సరదాగా ఉంటుందనే చేస్తున్నామని ఆయన జవాబు. కాట్జ్‌కు ఈ మాట ఎంత నచ్చిందంటే, తన ఆత్మకథకు దాన్నే పేరుగా పెట్టుకున్నారు. శాస్త్రానికి ఇంతకు మించిన కారణం కావాలా?

ఇప్పుడు మన భీమవరం వంతు! మీకు తెలుసా? హిల్‌కు 1922 నోబెల్ తెచ్చిపెట్టిన కండరాల శాస్త్రాన్ని అయిదేళ్లకే కుదిపేసిన ఇద్దరిలో ఒకరు తెలుగువారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందన్న నమ్మకం కూలడం మొదలైంది.

అదే 1927లో హిల్ పనిచేసే యూనివర్సిటీ కాలేజీలోనే ఎగిల్‌టన్ దంపతులు కూడా ఆ పదార్థం ఆనవాలు పట్టారు. అదేమిటో కచ్చితంగా తేల్చింది మాత్రం ఫిస్క్, సుబ్బారావు. హిల్ ఏం చేశారనుకున్నారు? అలిగారా? కండరాల శాస్త్రంలో విప్లవం వచ్చిందంటూ 1932లో తానే పెద్ద వ్యాసం రాశారు! తన సిద్ధాంతం ఓడిపోతే చప్పట్లు కొట్టిన మనిషి. కాట్జ్ వెతుక్కుంటూ వెళ్లింది అలాంటి గురువు దగ్గరికి.

మీకు తెలుసా? ఆ రోజుల్లో నరాల శాస్త్రవేత్తలు రెండు శిబిరాలుగా చీలిపోయారు. నరం కబురు రసాయనంతోనే దాటుతుందని ఒకరు, కాదు విద్యుత్తుతోనే అని ఇంకొకరు. ‘సూపు’ పక్షం, ‘నిప్పురవ్వ’ పక్షం అని వాళ్లకు పేర్లు కూడా పడ్డాయి! సభల్లో అరుచుకునేవాళ్లు. అయినా స్నేహాలు చెడలేదు.

సూపు పక్షానికి బలమిచ్చింది ఓ కల! 1921లో ఆటో లోయీకి నిద్రలో ఒక ప్రయోగం తట్టింది. చీకట్లోనే లేచి రాసుకున్నారు. తెల్లారాక చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు! మర్నాటి రాత్రి అదే కల మళ్లీ వచ్చింది. ఈసారి రాయడం మానేసి తిన్నగా ప్రయోగశాలకు పరుగెత్తారు. నరాన్ని కదిలించి నెమ్మదింపజేసిన ఒక కప్ప గుండెను తడిపిన ద్రవం, మరో కప్ప గుండె వేగాన్నీ తగ్గించేసింది. 1936లో నోబెల్!

ఆ నోబెల్ డబ్బు ఏమైందో మీకు తెలుసా? 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి లోయీని జైల్లో పెట్టారు. బహుమతి సొమ్మంతా తమ బ్యాంకుకు మార్పించుకున్నాకే దేశం దాటనిచ్చారు. బందిపోటుకు కూడా ఇంత ధైర్యం ఉండదు!

నిప్పురవ్వ పక్షం నాయకుడు జాన్ ఎకిల్స్. 1939లో కాట్జ్ ఎక్కడ ఉద్యోగంలో చేరారో చెప్పుకోండి. సిడ్నీలో, ఆ ఎకిల్స్ దగ్గరే! అక్కడే హంగరీలో పుట్టిన స్టీఫెన్ కుఫ్లర్ కూడా జతకలిశారు. ముగ్గురూ కలిసి నరం-కండరం కూడలిలో పుట్టే విద్యుత్తును కొలిచారు. ఎకిల్స్ పక్షం మారడానికి 1951 దాకా పట్టింది. మారాక మాత్రం సొంత ప్రయోగాలతోనే రసాయన సిద్ధాంతానికి కొమ్ముకాశారు. 1963లో ఆయనకూ నోబెల్!

మీకు తెలుసా? యుద్ధం రోజుల్లో కాట్జ్ ఆస్ట్రేలియా వైమానిక దళంలో రాడార్ అధికారి! సొంత దేశం పౌరుడిగా ఒప్పుకోని మనిషికి 1941లో బ్రిటిష్ పౌరసత్వం దక్కింది. ఆయన బదులుగా ఆకాశాన్ని కాపలా కాశారు. రాడార్ తెర మీద చిన్న చుక్కలు వెతికిన ఆ కళ్లకు తర్వాత ఎలాంటి పని పడిందో చూడండి!

దానికి ముందు ఓ సముద్ర జీవి. మీకు తెలుసా? స్క్విడ్ ఒంట్లో ఉండే పెద్ద నరపు పోగు అర మిల్లీమీటరు మందం. మీ కంటికి మామూలుగానే కనిపిస్తుంది! మనిషిలో అతి లావుపాటి పోగు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మొదట్లో స్క్విడ్ పోగుల్ని చూసి రక్తనాళాలనుకున్నారట. లోపల తీగ దూర్చేంత లావు మరి!

1947 వేసవిలో ఇంగ్లండు ప్లిమత్ రేవులో హాడ్జ్‌కిన్ అనే శాస్త్రవేత్త, కాట్జ్ కలిసి ఆ పోగు చుట్టూ ఉన్న సముద్రపు నీటిలో సోడియం తగ్గించి చూశారు. నరం సంకేతం కుంచించుకుపోయింది! నరంలో విద్యుత్తంటే సోడియం అయాన్లు గభాలున లోపలికి దూకడమేనని 1949లో లోకానికి చాటారు. మీరు ఆలోచిస్తున్నది ఉప్పు సాయంతోనే!

మీకు తెలుసా? 1952లో హాడ్జ్‌కిన్, ఆయన సహచరుడు హక్స్‌లీ ఆ సంకేతాన్ని సమీకరణాల్లో బంధించారు. లెక్క కట్టడానికి కేంబ్రిడ్జి కంప్యూటర్ అందుబాటులో లేదు. హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల మిషన్ పట్టుకుని వారాల తరబడి మీట తిప్పారు. సెకనులో కొన్ని వేలవ వంతుల ముచ్చట కోసం వారాలు!

ఇప్పుడు అసలు సంగతి. కాస్త దగ్గరకు జరగండి!

లండన్ తిరిగొచ్చిన కాట్జ్, పాల్ ఫాట్‌తో కలిసి కప్ప కండరంలోకి అతి సన్నని గాజు సూదిని దించారు. సూది మొన మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా సన్నం. నరాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కండరం నిశ్చలంగా పడి ఉంది. అయినా తెర మీద చిట్టి చిట్టి గెంతులు! ఒక్కోటీ అర మిల్లీవోల్టు, అంటే వోల్టులో రెండు వేలవ వంతు. ఇంచుమించు సెకనుకొకటి, ఎప్పుడు పడితే అప్పుడు. ఎవరు గెంతుతున్నట్టు?

యంత్రం దోషమేమో! సూదిని నరం చివర నుంచి కొన్ని మిల్లీమీటర్లు దూరం జరిపారు. గెంతులు మాయం! యంత్రానికైతే సూది ఎక్కడ గుచ్చారో ఏం తెలుసు?

ఎసిటైల్ కోలీన్ పనిని అడ్డుకునే క్యురారే విషం వేశారు. గెంతులు కుంచించుకుపోయాయి. ఎసిటైల్ కోలీన్‌ను విరగనివ్వని మందు వేశారు. పెరిగాయి. నరాన్ని కోసి, అది క్షీణించిపోయేదాకా ఆగి చూశారు. పూర్తిగా ఆగిపోయాయి! దొంగ దొరికాడు. ఎవరూ అడగకుండానే నరం తనంతట తాను ఎసిటైల్ కోలీన్‌ను చిలకరిస్తోంది!

1950లో ‘నేచర్’లో అచ్చయిన వాళ్ల వ్యాసం అంశమేమిటో మీకు తెలుసా? జీవంలోని రొద! మిగతావాళ్లు రొద తగ్గించడానికి యంత్రాలు బాగుచేసుకుంటుంటే, వీళ్లు రొద గురించే వ్యాసం రాశారు. శాస్త్ర చరిత్రలో ఇంత అందమైన మొండితనం అరుదు.

మరి ఆ గెంతు ఎప్పుడూ దాదాపు ఒకే ఎత్తు ఎందుకు? పాల కేంద్రంలో అర లీటరు ప్యాకెట్లే ఉంటే మీకు అర లీటరో, లీటరో, లీటరున్నరో దొరుకుతుంది. ముప్పావు లీటరు దొరకదు. నరం కూడా అంతే, ప్యాకెట్ల లెక్కనే ఇస్తుంది! ఆ ప్యాకెట్‌ను క్వాంటం అన్నారు. ఒక్కో దాంట్లో వేల అణువులు. కప్పలో ఒక్క మామూలు సంకేతానికి వందకు పైగా క్వాంటాలు ఒక్కసారే విడుదల!

ప్యాకెట్లని రుజువేమిటి? 1954లో స్పెయిన్ నుంచి వచ్చిన హోసే దెల్ కస్తీయోతో కలిసి కాట్జ్ ఓ చిత్రమైన పని చేశారు. కాల్షియం తగ్గించి, మెగ్నీషియం పెంచి నరాన్ని నీరసపరిచారు. ఇప్పుడు సంకేతానికి ఒక ప్యాకెట్, రెండు, ఒక్కోసారి సున్నా! ఎన్నిసార్లు సున్నా వచ్చిందో లెక్కపెడితే, ఒకటి ఎన్నిసార్లు రావాలో, రెండు ఎన్నిసార్లు రావాలో ముందే చెప్పేయొచ్చు. చెప్పారు. అలాగే వచ్చింది!

మీకు తెలుసా? అందుకు వాడిన పాయిసాన్ సూత్రాన్ని 1898లో బోర్ట్‌కివిచ్ అనే ఆయన దేనికి వాడారో? ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్కకు! 14 దళాలు, 20 ఏళ్ల చిట్టా. గుర్రం తన్నులకూ కప్ప నరానికీ ఒకే సూత్రం! గణితానికి మొహమాటం లేదండీ.

ఇంకో అద్భుతం! సరిగ్గా ఆ రోజుల్లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినవాళ్లకు నరం కొనలో గుండ్రటి బుడగలు గుంపులుగా కనిపించాయి. ఒక్కోటీ మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు. కాట్జ్ లెక్కలో తేల్చిన ప్యాకెట్లు ఇవే! కంటికి కనిపించకముందే లెక్కకు అందాయి.

మీకు తెలుసా? ఆ బుడగ తెరుచుకునే క్షణాన్ని పట్టుకోవడానికి 1979లో హ్యూజర్, రీజ్ బృందం ఏం చేసిందో? కప్ప కండరానికి సంకేతం ఇచ్చి, వెంటనే ద్రవ హీలియంతో చల్లబరిచిన రాగి దిమ్మ మీద చటుక్కున పడేశారు! మిల్లీసెకన్లలో గడ్డకట్టింది. నోరు తెరిచిన బుడగలు తెరిచినట్టే ఉండిపోయాయి!

బుడగలకు ఎవరిచ్చారు ఆజ్ఞ? కాల్షియం! కాట్జ్, మెక్సికో నుంచి వచ్చిన రికార్డో మిలేడీ 1967లో దీన్ని గట్టిగా తేల్చారు. ఇందుకు సాయపడింది విషపు పఫర్ చేప. దాని విషం సోడియం ఛానెళ్లను, అంటే సోడియం అయాన్లు లోపలికి దూకే ద్వారాలను, మూసేస్తుంది. సోడియం కదలిక ఆగినా, కాల్షియం లోపలికి వెళితే చాలు, రసాయనం విడుదల అవుతూనే ఉంది!

ఆ ఏడాదే కాట్జ్ విభాగంలోని డాడ్జ్, రహమిమోఫ్ తేల్చిన లెక్క చూడండి. కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు దాన్ని రెట్టింపు చేస్తే విడుదల రెట్టింపు కాదు. దాదాపు 16 రెట్లు! వడ్డీ వ్యాపారులు కూడా నోరెళ్లబెట్టాలి.

ఇక విషాల ఊరేగింపు! దక్షిణ అమెరికా వేటగాళ్ల బాణాలకు పూసే క్యురారే ఈ కూడలినే మూసేస్తుంది. 1942 జనవరి 23న మాంట్రియల్‌లో డాక్టర్ హెరాల్డ్ గ్రిఫిత్ దాన్ని ఆపరేషన్ బల్ల మీదకు తెచ్చారు. ఈనాటికీ ఆపరేషన్లో కండరాలు వదులుచేసే మందులు చాలావరకు దాని దారిలోనివే. వేటగాడి బాణం డాక్టరు సూదిలోకి ఎక్కింది!

మీకు తెలుసా? మన పొలం గట్ల కట్లపాము విషం కొట్టేదీ ఈ కూడలినే. కాటు నొప్పి ఉండకపోవచ్చు. ముందు కనురెప్పలు వాలిపోతాయి, చివరకు ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. రాత్రి నేల మీద పడుకున్నవారు తెల్లారి కళ్లు తెరవలేకపోతుంటే మంత్రాలు, తంత్రాలు వద్దు. వెంటనే ఆసుపత్రి!

ఆ కుటుంబానికే చెందిన తైవాన్ కట్లపాము విషంలోంచి 1963లో ఒక పదార్థాన్ని వేరుచేశారు. అది కండరం మీద ఎసిటైల్ కోలీన్ తగిలితే తెరుచుకునే ఛానెల్‌ను పట్టుకుందంటే వదలదు. ఇంకేం, శాస్త్రవేత్తలు ఛానెళ్లను వెతకడానికి, లెక్కపెట్టడానికి దాన్నే వాడుకున్నారు! పామును కూలికి పెట్టుకున్న ఘనత జీవశాస్త్రానిదే.

ముఖం ముడతలు పోగొట్టే బొటాక్స్ కూడా ఈ కూడలి విషమే. నరం కొనలో బుడగల్ని తెరుచుకోనివ్వదు. ముడత వేయమని కబురు వస్తుంది, కండరానికి వినబడదు!

మీకు తెలుసా? 1973లో కొన్ని కుందేళ్లకు విద్యుత్ ఈల్ చేప ఛానెళ్లను ఇంజెక్షన్‌గా ఇస్తే వాటి కండరాలు నీరసించాయి. కారణం? కుందేలు రోగనిరోధక శక్తి చేప ఛానెల్‌తో పాటు సొంత ఛానెల్ మీదా దాడికి దిగింది! కండరాలు నీరసించే మయస్థీనియా గ్రావిస్ జబ్బు గుట్టు అలా బయటపడింది. మనుషుల్లో కూడా చాలామందికి జరిగేది అదే.

1970. స్టాక్‌హోం నుంచి కబురు! కాట్జ్‌తో పాటు బహుమతి పంచుకున్నవారిలో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ ఒకరు. ఆయన తండ్రికి 1929లోనే రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది! ఇంకొకరు జూలియస్ యాక్సెల్‌రాడ్. ప్రయోగశాల ప్రమాదంలో ఒక కన్ను పోగొట్టుకున్నారు, నలభై దాటాక పీహెచ్‌డీ చేశారు. ఆలస్యమైపోయిందని దిగులుపడుతున్నవారెవరైనా ఉన్నారా?

నోబెల్ వచ్చిన ఏడాదే కాట్జ్ ఏం చేశారో మీకు తెలుసా? మళ్లీ రొద వెనకాల పడ్డారు! కండరం మీద ఎసిటైల్ కోలీన్ పోస్తే తెర మీది గీత కాస్త గరుకుగా వణికింది. ఆ వణుకును మిలేడీతో కలిసి లెక్కించి, ఒక్కొక్క ఛానెల్ తెరుచుకున్నప్పుడు వచ్చే మార్పు వోల్టులో కోటి వంతులకు మూడు వంతులు, తెరిచి ఉండేది సుమారు ఒక మిల్లీసెకను అని తేల్చారు. ఒక్క ఛానెల్‌నూ చూడకుండానే!

అంటే మొదటి రొదలోని ఒక్క చిట్టి గెంతుకు వెయ్యికి పైగా ఛానెళ్లు కలిసి తెరుచుకోవాలి. చిన్నదనుకున్న దాని లోపల ఇంత జనం!

శిష్యుడు మిలేడీ ఏమన్నా తక్కువా? 1980ల మొదట్లో టార్పెడో చేప జన్యు సందేశాన్ని కప్ప గుడ్డులోకి ఎక్కించే పనిలో ఆయన భాగస్వామి. ఆ గుడ్డు చేప ఛానెళ్లను తయారుచేసి తన ఒంటి మీద పెట్టుకుంది! కప్ప గుడ్డు, చేప ఛానెల్, ఎసిటైల్ కోలీన్ తగలగానే విద్యుత్తు. ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో ఈ గుడ్డుకు గిరాకీ తగ్గలేదు.

కాట్జ్ విభాగానికి 1971లో ఓ జర్మన్ కుర్రాడు వచ్చి రెండేళ్లు పనిచేశాడు. పేరు బెర్ట్ సాక్‌మన్. ఛానెల్ రొద గురించి గురువు లెక్కలో చెబితే, శిష్యుడికి దాన్ని ఒక్కటిగా చూడాలనిపించింది. ఎర్విన్ నెహర్‌తో కలిసి 1976లో చూసేశాడు! మళ్లీ కప్ప కండరమే. ఒక్క ఛానెల్ టక్కున తెరుచుకుని, టక్కున మూసుకుంది. తెరుచుకున్న ఒక్క మిల్లీసెకనులో దాని గుండా దాటే అయాన్లు పదివేలకు పైమాటే! ఆ జంటకు 1991లో నోబెల్. అప్పటికి కాట్జ్‌కు ఎనభై ఏళ్లు. తన లెక్క కళ్లెదుట నిజమవడం చూసి, 2003 దాకా జీవించారు.

చివరగా ఒకటి. ఆ ఒక్క ఛానెల్‌ను ఇంకా శుభ్రంగా వినాలంటే గాజు గొట్టం అంచు కణానికి బిగుతుగా అతుక్కోవాలి. అతకడం లేదు. 1980లో నెహర్‌కు మార్గం దొరికింది. ఏమిటో మీకు తెలుసా? గొట్టంలోంచి కాస్త గాలి పీల్చడం! అంతే, కణం గోడ గాజుకు అతుక్కుపోయి, పక్కల నుంచి కరెంటు కారకుండా వెయ్యి కోట్ల ఓముల అడ్డుగోడ లేచింది!